చీమల మందు, చేపల తొట్టె

తొలకరి జల్లులు పడిన వారం పదిరోజులకే ఇంటిలో చీమల బారులు కనబడుట మన ప్రాంతంలో అందరికీ అనుభవమే. నేలలోని పుట్టలలోకి నీరు దిగినప్పుడు అవి గుడ్లను, పిల్లలను నోట కరచుకొని పొడిచోటు వెదకుతూ గోడలెక్కుతాయి. ఎండాకాలంలో వచ్చేవి మాత్రం చల్లదనం కోసం, నీటి కోసం వస్తాయి. ఈ రెండు కాలాలలోను వాటికి ఇష్టమైన చోటు ఒకటి ఉన్నది: చేపల తొట్టె. అక్కడ తడి ఉంటుంది, అంచున రాలిన చేపల మేత ఉంటుంది. మేతలో ఎండుచేపల పొడి, పిండి, నూనె కలిసి ఉంటాయి గనుక చీమలకు అంతకన్న విందు లేదు.

చీమలను చూడగానే అంగడికి వెళ్లి చల్లే మందు డబ్బా తెచ్చి తొట్టె చుట్టూ కొట్టడం సాధారణంగా జరిగే పని. మరునాడు చీమలు ఉండవు, చేపలు కూడ ఉండకపోవచ్చు. ఇందుకు కారణం తెలిసికొంటే తక్కిన జాగ్రత్తలన్నీ సులభంగా అర్థమవుతాయి.

నేడు ఇళ్లలో వాడే చీమల మందులలోను, బొద్దింకల మందులలోను చాలా భాగం పైరెత్రాయిడ్లు అనే వర్గానికి చెందినవి. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, పెర్మెత్రిన్ అనే పేర్లు డబ్బాలమీద కనబడతాయి. దోమల చుట్టలలోను, విద్యుత్తుతో వేడెక్కే దోమల మందు సీసాలలోను ఉండేవి కూడ ఎక్కువగా ఈ వర్గానివే. ఇవి పురుగుల నాడీతంతువులను అదుపు తప్పింపజేసి చంపుతాయి. మనుష్యుల శరీరంలో, ముఖ్యంగా కాలేయంలో, ఈ మందును త్వరగా విడగొట్టి బయటకు పంపే శక్తి ఉన్నది. చేపలకు ఆ శక్తి చాలా తక్కువ. పైగా చేప మొప్పల గుండా నీరు నిరంతరం ప్రవహిస్తూ ఉంటుంది గనుక నీటిలోని మందు నేరుగా రక్తంలో చేరుతుంది. లీటరు నీటిలో కొద్ది మైక్రోగ్రాముల సైపర్‌మెత్రిన్ ఉన్నా అనేక జాతుల చేపలు చనిపోతాయి. మైక్రోగ్రాము అనగా గ్రాములో పదిలక్షవ వంతు. ఈ లెక్కన 50 లీటర్ల తొట్టెకు ఒక మిల్లీగ్రాములో కొంత భాగమే ప్రాణాంతకం. కంటికి కూడ ఆనని పరిమాణం అది.

మందు తొట్టెమీద చల్లలేదు గదా అని కొందరికి సందేహం కలుగవచ్చు. చల్లిన మందు తుంపరలు గాలిలో చాలాసేపు తేలుతాయి. తొట్టెకు అమర్చిన గాలి పంపు గదిలోని గాలినే పీల్చి నీటిలోకి బుడగలుగా పంపుతుంది. అనగా గదిలో ఎక్కడ మందు కొట్టినా దానిని పోగుచేసి చేపలకు అందించే యంత్రాన్ని మనమే నడుపుతున్నామన్నమాట.

మందు డబ్బాపై ఉండే వజ్రాకారపు గుర్తును గూర్చి ఒక మాట చెప్పాలి. 1968 నాటి కీటకనాశినుల చట్టం, 1971 నాటి నియమావళి ప్రకారం ఆ గుర్తు దిగువ భాగంలో ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ అనే నాలుగు రంగులలో ఏదో ఒకటి ఉండాలి. ఎరుపు అత్యంత విషమయమైనదానికి, ఆకుపచ్చ స్వల్పవిషానికి చిహ్నాలు. అయితే ఈ తరగతుల విభజన ఎలుకల వంటి క్షీరదాలపై జరిపే పరీక్షలను బట్టి ఏర్పడినది. చేపలను బట్టి కాదు. కనుక ఆకుపచ్చ గుర్తు చూసి చేపలకు కూడ క్షేమమని తలచరాదు. ఇటువంటి సూచనలను తెలుగు చేసేవారికి “జలచరాలకు విషతుల్యం” అన్న వాక్యం చాలా చిన్న అక్షరాలలో తరచు ఎదురవుతుంది. అది చెరువులకు, నదులకు సంబంధించిన మాట అని చదివేవారు దాటవేస్తారు. చేపల తొట్టె కూడ ఒక చిన్న చెరువే.

చీమల సుద్దతో గీత గీయడం చల్లే మందుకన్న కొంత మేలని అనిపించినా, ఆ సుద్దలోనూ ఇదే మందు ఉంటుంది. ఆ పొడి చేతికి అంటుకొని, ఆ చేతితోనే మేత వేసినప్పుడు నీటిలో కలుస్తుంది. ఇక గమాక్సిన్ పొడి పాత డబ్బాలలో ఇంకా మిగిలి ఉన్నట్లయితే దానిని ముట్టుకోకపోవడమే మంచిది. మన దేశంలో బీహెచ్‌సీని 1997లోనే నిషేధించారు.

మరి చేయవలసినది ఏమిటి? మొదట చీమల దారిని గమనించాలి. ముందు వెళ్లిన చీమ విడిచిన వాసనను పట్టుకొని వెనుక చీమలు నడుస్తాయి. ఆ బారు గోడలోని ఏ పగులు నుండి వస్తున్నదో కనిపెట్టి, దారి పొడవునా తడిగుడ్డతో రెండు మూడు మార్లు తుడిస్తే వాసన చెదిరి చీమలు తికమకపడతాయి. నీటిలో కొద్దిగా వెనిగర్ కలిపి తుడిస్తే ఇంకను మంచిది. తొట్టె దగ్గర సబ్బునీరు వాడరాదు. సబ్బు మొప్పలను దెబ్బతీస్తుంది. పగులును సిమెంటుతోనో సున్నంతోనో పూడ్చాలి. మేతను బిగుతైన మూతగల డబ్బాలో ఉంచి, చేపలు రెండు మూడు నిమిషాలలో తినగలిగినంత మాత్రమే వేయాలి.

నేతిగిన్నెను నీళ్లపళ్లెంలో నిలిపే పద్ధతి మన వంటయిళ్లలో ఎంతో పాతది. తొట్టె బల్లకు కూడ అదే ఉపాయం చెల్లుతుంది. బల్ల నాలుగు కాళ్ల క్రింద వెడల్పాటి గిన్నెలు పెట్టి నీరు పోస్తే చీమలు దాటలేవు. నీటితో నిండిన తొట్టె చాలా బరువు గనుక గిన్నెలు గట్టి లోహంతో చేసినవై ఉండాలి. గిన్నెలు పెట్టేముందు తొట్టె ఖాళీ చేయాలి. బల్ల గోడను తాకకుండ జానెడు దూరం ఉంచాలి, విద్యుత్తు తీగ గోడకు వంతెనగా మారకుండ చూడాలి. ఈ గిన్నెలలోని నీటిని కనీసం వారానికి రెండు మార్లు పారబోసి, గిన్నెలను రుద్ది కడగాలి. లేనిచో చీమలను ఆపబోయి డెంగీ దోమలను పెంచినవారమవుతాము.

ఇంతటితో చీమలు తగ్గకపోతే పుట్టలోని రాణిచీమ వరకు చేరే ఎర పెట్టవలసి ఉంటుంది. మనకు కనబడే బారు పుట్టలోని కొద్దిభాగమే. దానిని ఎంత చంపినా రాణి కొత్తవాటిని కంటూనే ఉంటుంది. క్యారమ్ బల్లపై చల్లే బోరిక్ పౌడరు అందరికీ తెలిసినదే. అర లీటరు గోరువెచ్చని నీటిలో 100 గ్రాముల చక్కెర, 5 గ్రాముల బోరిక్ పౌడరు, అనగా తలకొట్టిన ఒక చిన్న చెంచా, కరిగించాలి. అందులో దూదిని ముంచి సీసా మూతలలో ఉంచి, తొట్టెకు దూరంగా చీమలు ఇంటిలోకి ప్రవేశించేచోట పెట్టాలి. పౌడరు ఎక్కువ వేస్తే త్వరగా పని జరుగుతుందని అనుకోవడం పొరపాటు. ఎక్కువైతే చీమ పుట్టకు చేరకముందే చస్తుంది, లేదా ఆ తీపిని ముట్టనే ముట్టదు. ఎర పెట్టిన మొదటి రెండు రోజులు చీమలు మరింత గుమికూడతాయి. వాటిని చంపకుండ, అక్కడ మరే మందూ చల్లకుండ ఓపిక పట్టాలి. ఒకటి రెండు వారాలలో బారు పలచబడుతుంది. బోరిక్ పౌడరు పైరెత్రాయిడ్లవలె చేపలకు అంత ప్రమాదకరం కాకపోయినా నీటిలో పడరాదు. చిన్నపిల్లలకు, పెంపుడు జంతువులకు అందరాదు.

కిరోసిన్ తుడుపు, కలరా ఉండలు తొట్టె ఉన్న గదిలో వద్దు. పసుపు గీత వలన హాని లేదు, కాని దాని ప్రభావం కొద్దిసేపే.

పొరపాటున మందు తగిలినచో చేపలు నీటిపైకి వచ్చి నోరు తెరచి ఆయాసపడతాయి, ఒరిగి తిరుగుతాయి, ఉలికిపాటుగా దూసుకుపోతాయి. వెంటనే కిటికీలు తెరచి, పంపును స్వచ్ఛమైన గాలి ఉన్న చోటికి మార్చాలి. ఒకరోజు మూతలేకుండ నిలువ ఉంచిన నీరు సిద్ధంగా ఉంటే తొట్టెలోని సగం నీరు తీసి దానిని పోయాలి. అప్పుడే పట్టిన కుళాయినీటిలోని క్లోరిన్ మరొక విషమవుతుంది గనుక ఒక బిందెడు నీరు ఎల్లప్పుడు నిలువ ఉంచుకొనుట మేలు. అక్వేరియం దుకాణాలలో లభించే యాక్టివేటెడ్ కార్బన్‌ను వడపోత పెట్టెలో వేస్తే మిగిలిన మందును కొంతవరకు పీల్చుకొంటుంది.

రాయగడ, కొరాపుట్ జిల్లాలలో మలేరియా చిరకాలపు సమస్య. ఇంటిగోడలపై దోమల మందు చల్లే సిబ్బంది వచ్చినప్పుడు చేపలున్నాయని వారిని తిప్పి పంపరాదు. మనుష్యుల ప్రాణం ముందు. చిన్న తొట్టెలను బయటి నీడకు చేర్చండి. కదపలేనివాటికి పంపు ఆపి, ప్లాస్టిక్ గుడ్డను అంచులవరకు కప్పి, పని ముగిసి గాలి ఆడిన తరువాత తీయండి. చేపలు ఎక్కువగా ఉన్న తొట్టెలో పంపును రెండు గంటలకు మించి ఆపి ఉంచవద్దు. ప్రభుత్వం పంచే మందు దోమతెరలను చెరువులోగాని వాగులోగాని ఉతకరాదు. తెరలను తొట్టిలో ఉతికి, ఆ నీటిని, మిగిలిన చీమల మందును కాలువలో పోయకుండ, బావికి, చెరువుకు దూరంగా పొడినేలపై గుంట తీసి పోయండి. మన కాలువలలో కొన్నింటి నీరు వంశధారను చేరుతుంది. దిగువన శ్రీకాకుళం జిల్లాలో ఆ నదిలోనే వలలు వేసి బ్రతికేవారున్నారు.