మందు పడలేదని మానవచ్చునా?

మా గజపతినగరం పరిసర గ్రామాలలో రక్తపుపోటు మాట వచ్చినప్పుడు పెద్దల నోట తరచుగా వినబడే మాట ఒకటి ఉన్నది: "ఆ బిళ్ళ నాకు పడలేదు బాబూ, మానేశాను." రక్తపుపోటు సాధారణంగా ఏ బాధనూ చూపదు. బిళ్ళ మాత్రం కొందరిని ఇబ్బంది పెట్టును. అందుచేత రోగిని దోషిగా ఎంచుట మా ఉద్దేశము కాదు. కాని బిళ్ళ మానిన ఇంట ఒకనాడు పక్షవాతము ప్రవేశించినచో ఆ కుటుంబమంతయు కుంగిపోవును. కనుక ఈ విషయమును విద్యార్థులు తెలిసికొనుట అవసరమని తలచుచున్నాము.

ఈ చికిత్స చరిత్రలో మన దేశమునకు గౌరవస్థానము కలదు. సర్పగంధ మూలికపై ఢిల్లీ తిబ్బియా కళాశాలలో పరిశోధించిన సలీముజ్జమాన్ సిద్దిఖీ 1931లో ఒక క్షారమును వేరుచేసి, హకీం అజ్మల్ ఖాన్ పేరున దానికి అజ్మలిన్ అని నామకరణము చేశారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ ఆ మూలిక రక్తపుపోటును తగ్గించునని బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రకటించారు. 1952లో దానినుండి రిసర్పిన్ లభించినది. అయితే దానిని వాడినవారిలో ముక్కుదిబ్బడ, మగత, కొందరిలో మనోవ్యాకులత కనబడినవి. మూలికా ఔషధమైనంత మాత్రమున దుష్ఫలితము ఉండదనుట పొరపాటని దీనివలన తెలియుచున్నది.

నేటి మందులకు కూడ వాటి వాటి లక్షణములున్నవి. ఆమ్లోడిపిన్ సన్నని రక్తనాళములను వెడల్పు చేయును; ఆ కారణముననే కొందరికి చీలమండలు వాచును. ఎనలాప్రిల్, రామిప్రిల్ వలన కొందరికి విడువని పొడిదగ్గు వచ్చును. అట్టివారికి వైద్యులు లోసార్టన్, టెల్మిసార్టన్ వంటివి ఇత్తురు. ఈ నాలుగింటిని గర్భిణులు వాడరాదు. మూత్రము జారీచేయు బిళ్ళలు ఒంటిలోని ఉప్పును, పొటాషియమును తగ్గించి నీరసము కలిగించవచ్చును. అటెనొలాల్ నాడిని మందగింపజేయును. ఉబ్బసమున్నవారు ఈ సంగతి వైద్యునికి ముందే చెప్పవలెను. దీనిని హఠాత్తుగా మానుట గుండెకు ప్రమాదకరము. ఏ మందు వలననైనను పెదవులు, నాలుక వాచినచో క్షణమైనను ఆలస్యము చేయక ఆసుపత్రికి చేరవలెను.

మన జీవన విధానమును కూడ గమనింపవలెను. మండుటెండలో పొలము పని చేయువారికి చెమటతో నీరు పోవును. దానికి మూత్రపు బిళ్ళ తోడైనచో లేచి నిలబడగానే కళ్ళు తిరుగవచ్చును. రంజాన్ ఉపవాసములు పాటించువారు నెల ప్రారంభమునకు ముందే వైద్యుని కలిసి, సహరీ, ఇఫ్తార్ వేళలకు బిళ్ళలను సర్దుబాటు చేయించుకొనుట మేలు. ఒంటినొప్పులకు దుకాణములో కొను కొన్ని నొప్పి బిళ్ళలు రక్తపుపోటును పెంచి, మూత్రపిండములకు హాని చేయును. పొరుగున శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండ వ్యాధి ఎన్ని కుటుంబములను కృంగదీసినదో మనమెరుగుదుము. అక్కడి వ్యాధికి కారణము ఇంకను పూర్తిగా తేలలేదు; కాని మూత్రపిండములను కాపాడుకొనుట ఎంత అవసరమో అది మనకు గుర్తుచేయుచున్నది.

మందు పడకపోవుట నిజమే కావచ్చును. అప్పుడు చేయవలసినది మందు మానుట కాదు, మార్పించుట. మోతాదు తగ్గించుటకు, వేళ మార్చుటకు, వేరొక తరగతి మందు ఇచ్చుటకు వైద్యునికి అవకాశమున్నది. కావున విద్యార్థులారా! ఇంటికి వెళ్ళినప్పుడు తాతగారిని, నానమ్మగారిని "బిళ్ళ వేసుకున్నారా?" అని మాత్రమే కాక, "దానితో ఏమైనా ఇబ్బందిగా ఉన్నదా?" అని కూడ అడుగుడు. వారు చెప్పినది కాగితముపై వ్రాసి వైద్యునికి చూపుడు. ఏటా ఒకరోజు కళాశాలలో రక్తపుపోటు పరీక్ష ఏర్పాటు చేయవలసినదిగా కళాశాల సంఘము వారిని సవినయముగా కోరుచున్నాము.