మెదడు చిత్రము – రేపటి నడక

“పదియేండ్ల పిమ్మట నేను నడువగలనా?” మల్టిపుల్ స్క్లెరోసిస్ అను వ్యాధి కలదని విన్నవారు వైద్యుని ముందుగా అడుగు ప్రశ్న ఇదియే. మెదడు చిత్రములు దీనికెంతవరకు బదులు చెప్పగలవో మేమిచ్చట మనవి చేసెదము.

మెదడులోను, వెన్నుపాములోను నాడీతంతువులపై మయలిన్ అను క్రొవ్వుపొర యుండును. శరీరమును కాపాడవలసిన కణములే దారితప్పి ఆ పొరను చెరుపుట ఈ వ్యాధి లక్షణము. తొడుగు ఊడిన విద్యుత్తు తీగవలె నాడులు పని తప్పును. చూపు మసకబారును, కాళ్లు తడబడును. పారిస్ వైద్యుడు షార్కో 1868లో దీనిని వివరించెను.

ఈ వ్యాధి మచ్చలను 1981లో లండను వైద్యులు ఎం.ఆర్.ఐ. చిత్రములలో స్పష్టముగా చూచిరి. మచ్చలను లెక్కించినచో రాబోవు వైకల్యము తెలియునని తోచుట సహజమే. కాని పెక్కు మచ్చలున్నను చురుకుగా తిరుగువారు కలరు. కొద్ది మచ్చలతోనే చేతికఱ్ఱ పట్టినవారును కలరు.

కారణమేమి? మచ్చ లెన్ని యనుటతోపాటు ఎచ్చట ననుటయు ముఖ్యమే. వెన్నుపాములోని చిన్న మచ్చయు నడకను చెరుపవచ్చును. అంతకు మించినది మెదడు క్షీణించుట. ఆరోగ్యవంతుల మెదడు ఏటా నూటికి 0.1 నుండి 0.3 వంతు తగ్గగా, చికిత్స లేని ఈ రోగులలో సుమారు 0.5 నుండి 1.35 వంతు తగ్గును. ఈ తరుగుదల, అందును బూడిదవర్ణపు భాగములోనిది, మచ్చల లెక్కకంటె వైకల్యమును బాగుగా సూచించును.

అయినను చిత్రము జాతకచక్రము కాదు. పలువురి విషయమున నిజమైనది ఒక్కరి విషయమున తప్పవచ్చును. అపాయసూచన కనిపించినచో మందును త్వరగా ఆరంభించుటకు, చాలనిచో మార్చుటకు అది తోడ్పడును. రోగి నిరాశ చెందుటకు గాక, వైద్యుడు ముందుగా మేల్కొనుటకే ఆ చిత్రమని మా మనవి.