క్లోరోఫారము - హైదరాబాదు పరిశోధన

శస్త్రచికిత్స మిక్కిలి ప్రాచీనమైన విద్య. కాని రోగికి నొప్పి తెలియకుండ చికిత్స చేయు ఉపాయము పందొమ్మిదవ శతాబ్దపు నడిమి వరకు వైద్యులకు సరిగా చేజిక్కలేదు. ఆ దినములలో బలవంతులైన మనుష్యులు రోగిని అదిమి పట్టుకొనుచుండ, వైద్యుడు త్వరత్వరగా కత్తి నడపవలసి వచ్చెడిది. ఆ బాధను తలచుకొని చికిత్సకు ఒప్పుకొనక చావునకే సిద్ధపడినవారును కలరు.

1846లో అమెరికాలోని బోస్టను నగరమున ఈథరు ఆవిరిని పీల్పించి, నొప్పి తెలియకుండ శస్త్రచికిత్స జరిపిరి. మరుసటి సంవత్సరమున ఎడింబరోలో సింప్సను అను వైద్యుడు క్లోరోఫారమును ప్రవేశపెట్టెను. గుడ్డమీద కొన్ని చుక్కలు వేసి ముక్కు కడ నుంచిన చాలును. రోగి కొలది నిమిషములలో స్పృహ తప్పి నిద్రించినట్లు పడియుండును. ఈ మందును ఎల్లరును కొనియాడిరి.

ఆ సంతోషము చిరకాలము నిలువలేదు. 1848 జనవరిలో ఇంగ్లండునందు హానా గ్రీనరు అను పదునైదేండ్ల బాలిక, కాలిగోరు తీయించుకొనుటకై క్లోరోఫారము పీల్చి, కొన్ని నిమిషములలోనే మరణించెను. పిమ్మట అట్టి మరణములు మరికొన్ని సంభవించెను. వీనికి కారణమేమి? ముందుగా ఆగునది ఊపిరియా, గుండెయా? ఊపిరియే ముందు ఆగునని ఎడింబరోకు చెందిన సైమ్ అను శస్త్రవైద్యుడును అతని శిష్యులును నమ్మిరి. గుండెయే హఠాత్తుగా ఆగిపోవచ్చునని లండనులో పెక్కుమంది వాదించిరి. ఇది వట్టి పండితవాదము కాదు. మత్తుమందు ఇచ్చువాని చూపు రోగి రొమ్ముమీద నిలువవలెనా, వ్రేళ్లు నాడిమీద నిలువవలెనా అనునది ఈ ప్రశ్నకు వచ్చు సమాధానమును బట్టి యుండెను. సమాధానము తప్పినచో పోవునది రోగి ప్రాణము.

ఈ వాదమును తీర్చుటకు హైదరాబాదు నగరము పూనుకొనెను. అచ్చటి రెసిడెన్సీ వైద్యుడు ఎడ్వర్డు లారీ, సైమ్ వద్ద విద్య నేర్చినవాడు. వైద్య పాఠశాలకును అతడే అధిపతి. 1888లో నిజాము ప్రభుత్వపు ఆదరణతో ఒక సంఘము ఏర్పడి, కుక్కలమీద ప్రయోగములు చేసి, ఊపిరియే ముందు ఆగునని నిర్ణయించెను. లండనులోని 'లాన్సెట్' అను వైద్యపత్రిక దీనిని నమ్మలేదు. అప్పుడు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వము, ఆ పత్రికయే తన ప్రతినిధిని పంపి కన్నులార చూచుకొనవచ్చునని, అందులకు వేయి పౌనుల ధనమిచ్చెను.

1889లో లాడర్ బ్రంటను అను ప్రసిద్ధ వైద్యుడు హైదరాబాదు చేరెను. అతడు మొదట లారీ అభిప్రాయమును అంగీకరింపనివాడే. కుక్కలు, కోతులు మున్నగు వందలకొలది నోరులేని ప్రాణులమీద ప్రయోగములు జరిగెను. వాని శ్వాసను, రక్తపు ఒత్తిడిని యంత్రములతో కొలిచిరి. తుదకు బ్రంటను కూడ లారీ పక్షమునే చేరెను. ఆ వృత్తాంతమును 'లాన్సెట్' 1890లో ప్రచురించెను.

ఆ వైద్య పాఠశాలలోనే రూపాబాయి ఫర్దూంజీ అను పార్సీ యువతి చదువుకొనెను. స్త్రీలు వైద్యవిద్య నేర్చుట అరుదైన ఆ కాలమున ఆమె హైదరాబాదు ఆసుపత్రులలో రోగులకు క్లోరోఫారమిచ్చు బాధ్యత వహించెను. ప్రపంచములోని తొలి మహిళా మత్తువైద్యులలో ఆమె యొకరు.

అయినను కథ అంతటితో ముగియలేదు. మత్తుమందు మరణములు ఆగలేదు. 1911లో ఇంగ్లండునందు లెవీ అను పరిశోధకుడు ఒక క్రొత్త ప్రశ్న వేసెను: మందు ఎక్కువైనపుడు కాక, తక్కువైనపుడు ఏమగును? పిల్లులకు క్లోరోఫారమును కొద్దిగా ఇచ్చి, అడ్రినలిన్ అను ద్రవ్యమును రక్తములో కలుపగా గుండె హఠాత్తుగా విఫలమయ్యెను. భయపడినపుడు మన శరీరము తనంతట తానే పుట్టించు ద్రవ్యమే అడ్రినలిన్. తాళము తప్పిన భజన బృందమువలె గుండె కండరములు దేనికది అదరును. రక్తము ముందుకు సాగదు. ఊపిరి ఆగకమునుపే గుండె ఆగుట ఇట్లు సంభవమని తేలెను. భయముతో వణకుచున్న రోగికి మేలు చేయుచున్నామనుకొని కొంచెము మందిచ్చి ఊరకొనుటయే ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయమయ్యెను.

హైదరాబాదు పరిశోధకులు అసత్యము పలుకలేదు. మందు మితిమీరినచో ఊపిరియే ముందు ఆగును. వారు సత్యములో ఒక భాగమును చూచి, అదియే సర్వమనుకొనిరి. ప్రయోగము మనము అడిగిన ప్రశ్నకే బదులిచ్చును. అడుగని ప్రశ్నకు బదులీయదు. కాని వారు తమ ప్రయోగములను దాచక లోకమునకు వెల్లడించిరి. కావుననే ఇతరులు వానిని పరీక్షించి లోపమును దిద్దగలిగిరి.

క్లోరోఫారము వాడుక ఇరువదవ శతాబ్దపు ద్వితీయార్ధమున శస్త్రచికిత్సాలయములనుండి తొలగిపోయెను. నేడు మత్తువైద్యుడు ఊపిరిని, గుండెను రెంటిని ఎడతెగక కనిపెట్టి యుండును. గుండె నడకను ఒక యంత్రము తెరమీద గీయుచుండును. రక్తములోని ప్రాణవాయువును తెలుపు చిన్న పరికరము రోగి వ్రేలికి తొడుగబడి యుండును; దాని మూలసూత్రమును జపానుదేశీయుడగు అయోయాగి 1974లో వెల్లడించెను. శస్త్రచికిత్స బల్లపై రోగి నేడు నిశ్చింతగా నిద్రించుచున్నాడనిన, ఊపిరియా, గుండెయా అని తరతరములుగా విసుగక ప్రశ్నించినవారి శ్రమ అందులకు కారణము.