కిరీటము పోయినను నిలిచిన అక్షరము

నల్లసముద్రమునకును కాస్పియను సముద్రమునకును నడుమ, పడమట రోమకులకును తూర్పున పార్థియనులకును సరిహద్దై, ఆ యిరువురి సేనలకును త్రోవయై నలిగిన కొండల దేశము అర్మేనియా. నడుమ నడుమ విరామములు కలిగినను, క్రీస్తుశకము మొదటి శతాబ్దినుండి అయిదవ శతాబ్దివఱకు ఆ దేశము నేలినది అర్షకుని వంశము.

పార్థియను చక్రవర్తి వొలగేసు తన తమ్ముడగు తిరిదాతును అర్మేనియా సింహాసనమున నిలుపగా, రోమకులు సహింపక దండెత్తి రాజధానియైన అర్తషాతును దగ్ధము చేసిరి. ఏండ్లతరబడి పోరి యిరుపక్షములును అలసిన పిమ్మట, రాజు అర్షకవంశజుడు కావలెననియు, కిరీటమును మాత్రము రోము చక్రవర్తి చేతిమీదుగా ధరింపవలెననియు క్రీ.శ. 63లో రాందియాయొద్ద సంధి కుదిరినది. జలమును మలినపఱుపరాదను తన మతనియమమును పాటించి సముద్రయానమును వర్జించిన తిరిదాతు, మూడువేల ఆశ్వికులు వెంటరాగా తొమ్మిది మాసములు మెట్టదారిని పయనించి, 66లో రోము చేరి నీరోచేత పట్టాభిషిక్తుడై మరలివచ్చి, కాలిన రాజధానిని పునర్నిర్మించెను.

224లో పారసీకులైన ససానీయులు ఇరానునందలి పార్థియను అర్షకులను కూలద్రోయుటతో, తూర్పుదిక్కున చుట్టములుండిన చోట శత్రువులు వెలసిరి. నాల్గవ శతాబ్ది తొలిపాదమున, మూడవ తిరిదాతు తాను ఖోర్ విరాపు చెఱలో పెట్టించిన క్రైస్తవుడగు గ్రిగరీనే గురువుగా వరించి క్రైస్తవమును రాజమతముగా స్వీకరించెను. అర్మేనియను సంప్రదాయము ఈ ఘట్టమునకు 301వ సంవత్సరమును చెప్పుచున్నది. అంతకుముందు ఏ రాజ్యమును ఆ మతమును రాజమతముగా గైకొనలేదని వారి గర్వము.

387 ప్రాంతమున రోమకులును పారసీకులును దేశమును పంచుకొనిరి. పారసీకుల వంతైన తూర్పు భాగమున సామంతుడై మిగిలిన వ్రాంషపూహు రాజు, గ్రీకు సిరియాకు భాషలలో సాగు ప్రార్థనలు ప్రజలకు బోధపడకుండుట చూచి చింతించిన మెస్రోపు మష్తోత్సు అను సన్యాసికి అండగా నిలిచెను. ధర్మాధ్యక్షుడగు సహకు తోడ్పాటుతో మెస్రోపు 405 ప్రాంతమున 36 అక్షరముల లిపిని కల్పించగా, బైబిలు మొదలుగా గ్రంథము లెన్నియో దేశభాషలోనికి దిగివచ్చినవి.

తరువాత 428లో, స్వదేశపు ప్రభువులే కోరగా, పారసీక రాజగు బహ్రాము చివరి అర్షకవంశపు రాజును పదభ్రష్టుని గావించెను. రాజ్యము పోయినను ఆ జాతి చెల్లాచెదరైన చోట్ల కెల్ల అక్షరము వెంట నడచినది. అర్మేనియను భాషలో ప్రపంచమున వెలువడిన మొట్టమొదటి పత్రిక ‘అజ్దరార్’ 1794లో ఆ లిపిలోనే అచ్చైనది. అది అచ్చైన ఊరు మన చెన్నపట్టణము.