కిటికీలో కనిపించే సముద్రానికి ఎంత ఇవ్వొచ్చు?

విశాఖపట్నం బీచ్ రోడ్డు చుట్టుపక్కల ఫ్లాటు కోసం తిరిగేవాళ్లు బిల్డరు ఆఫీసులో చేతికిచ్చే ధరల కాగితాన్ని ఓపిగ్గా చదవాలి. పైన చదరపు అడుగుకు ఇంత అని అసలు ధర ఉంటుంది. దాని కింద కారు పార్కింగు, క్లబ్ హౌసు, కార్పస్ ఫండు వగైరా. వాటి మధ్యలో ‘ఫ్లోర్ రైజ్’, ‘పీఎల్‌సీ’ అని మరో రెండు వరుసలు కనిపిస్తాయి. మొదటిది అంతస్తు పెరిగేకొద్దీ పెరిగే రేటు. రెండోది మూల ఫ్లాటుకో, పార్కు వైపు ఫ్లాటుకో, సముద్రం కనిపించే ఫ్లాటుకో వేసే అదనపు సొమ్ము. గదులవే, గోడలవే, వాడిన సిమెంటూ అదే. బాల్కనీలో నిలబడితే ఎదుట ఏముందన్నదే తేడా. హైదరాబాద్‌లో దుర్గం చెరువు చుట్టూ, కేబీఆర్ పార్కు అంచున, గండిపేట దారిలోనూ ఇదే లెక్క నడుస్తోంది. అక్కడ సముద్రం బదులు చెరువో, చెట్లో, రాళ్ల గుట్టలో ఉంటాయి.

ఆ అదనపు సొమ్మును కొనేటప్పుడు చాలామంది విడిగా లెక్కేసుకోరు. కోటి రూపాయల బేరంలో అది చిన్న మొత్తంగానే తోస్తుంది. ఉదాహరణకు 1,500 చదరపు అడుగుల ఫ్లాటుకు అడుగుకు 300 రూపాయలు ఎక్కువ అడిగారనుకుందాం. నాలుగున్నర లక్షలవుతుంది. దాన్ని కూడా గృహరుణంలో కలిపేసి 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లు కడితే, ఒక్క దృశ్యం కోసమే నెలకు దాదాపు 3,900 రూపాయల వాయిదా పడుతుంది. అప్పు తీరేసరికి చెల్లించేది 9 లక్షల 37 వేలు. రోజుకు 130 రూపాయలన్నమాట. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని అరగంట బాల్కనీలో కూర్చునే రిటైరైన మేష్టారికి అది పెద్ద ఖర్చేమీ కాదు. ఎనిమిదింటికి వెళ్లి రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరే దంపతులకు మాత్రం, చీకట్లో సముద్రం వినిపించడమే తప్ప కనిపించదు.

సముద్రం కనిపించడం అన్నా అన్నిచోట్లా ఒకటి కాదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో బెల్లింగ్‌హామ్ అనే తీరపట్టణం ఉంది. అక్కడి ఇళ్ల అమ్మకాలను పరిశీలించి ఆర్థికవేత్తలు 1998లో ఓ అధ్యయనం ప్రచురించారు. వైశాల్యం, సౌకర్యాలు ఒకేలా ఉన్న ఇళ్లను పోల్చి చూస్తే, సముద్రం నిండుగా, అడ్డేమీ లేకుండా కనిపించే ఇల్లు దాదాపు 60 శాతం ఎక్కువ ధర పలికింది. ఏదో మూల నుంచి కాస్త నీలం కనిపించే ఇంటికి మాత్రం 8 శాతమే ఎక్కువ వచ్చింది. మన దగ్గర బ్రోషర్లలో ఈ రెండూ ‘సీ వ్యూ’ కిందే వచ్చేస్తాయి. రెండు మూడు వీధులు లోపలికి ఉన్న అపార్ట్‌మెంటులో, వంటగది పక్కనున్న యుటిలిటీ వైపు నుంచి మెడ సాచి చూస్తే కనిపించే సముద్రానికీ పీఎల్‌సీ అడుగుతుంటారు. అందుకే ఫ్లాటు చూడ్డానికి వెళ్లినప్పుడు బాల్కనీలో నిలబడి చూస్తే చాలదు. హాల్లో సోఫా వేసుకునే చోట, భోజనాల బల్ల ఉండే చోట, మంచం మీద కూర్చునే ఎత్తులో కళ్లు పెట్టి చూడాలి. మనిషి ఇంట్లో గడిపే సమయమంతా అక్కడే కదా. కూర్చుంటే బాల్కనీ పిట్టగోడ తప్ప ఏమీ కనిపించని ఫ్లాట్లు కొల్లలు.

తెలుగువాళ్ల కొనుగోళ్లలో దీనికి తోడు వాస్తు ఒకటి. ‘ఈస్ట్ ఫేసింగ్’ అంటే సింహద్వారం తూర్పుకు ఉండాలని అర్థం. చాలా అపార్ట్‌మెంట్లలో మధ్యన కారిడారు, అటూఇటూ ఫ్లాట్లు ఉంటాయి కాబట్టి గుమ్మం ఒకవైపు ఉంటే బాల్కనీ దానికి ఎదురు దిక్కున వస్తుంది. విశాఖకు సముద్రం తూర్పు, ఆగ్నేయ దిక్కుల్లో ఉంది. కాబట్టి అలాంటి భవనంలో తూర్పు గుమ్మం ఫ్లాటు కొన్నవారి బాల్కనీ ఊరివైపు తిరిగి ఉంటుంది. సముద్రం వైపు బాల్కనీ ఉన్న ఫ్లాటుకు గుమ్మం పడమరకు వస్తుంది. రెండూ కావాలనుకునేవాళ్లు మూల ఫ్లాట్ల కోసం పోటీపడి మరింత చెల్లిస్తారు. పడమర గుమ్మానికి అభ్యంతరం లేని కుటుంబానికి బేరమాడే వీలు ఎక్కువ. దృశ్యం మీద నిజంగా మనసున్నవాళ్లు ఈ సంగతి ముందే ఇంట్లో కూర్చుని తేల్చుకోవడం మంచిది.

ఇంతకంటే పెద్ద ప్రశ్న వేరే ఉంది. డబ్బిచ్చి కొన్న ఆ దృశ్యం కొన్నవాళ్లకు దక్కుతుందా?

చట్టం ఇచ్చే జవాబు కటువుగానే ఉంటుంది. ఇంగ్లండులో 1610 నాటి ఆల్‌డ్రెడ్ కేసు ఈ విషయంలో మూలస్తంభం. పొరుగువాడు పందుల దొడ్డి కట్టాడని ఒకాయన కోర్టుకెక్కితే, గాలినీ వెలుతురునూ పాడుచేస్తే నష్టపరిహారం అడగొచ్చు గానీ, చూడచక్కని దృశ్యం ఆనందం కోసమే తప్ప అవసరం కాదు కాబట్టి అది పోయిందని దావా వేయడం కుదరదని న్యాయమూర్తులు చెప్పారు. మన దేశంలోని 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం కూడా ఆ దారిలోనే నడిచింది. ఓ భవనానికి 20 ఏళ్లపాటు నిరాటంకంగా అందిన గాలీ వెలుతురూ హక్కుగా మారే అవకాశం ఆ చట్టంలోని 15వ సెక్షన్ కింద ఉంది. దృశ్యానికి అలాంటి హక్కు లేదు. ఎదుటి స్థలంలో ఈరోజు రెండంతస్తుల పాత బంగ్లా ఉండి, రేపు దాన్ని పడగొట్టి అనుమతి తెచ్చుకుని పన్నెండంతస్తులు లేపితే, వెనకనున్నవాళ్లు కట్టిన పీఎల్‌సీ ఎవరూ తిరిగివ్వరు.

సొంత ప్రాజెక్టులోనే అడ్డు వస్తే మాత్రం కొంత రక్షణ ఉంది. 2016 నాటి రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం, ఆమోదం పొందిన లేఔట్‌నూ ఉమ్మడి స్థలాలనూ మార్చాలంటే కొనుగోలుదారుల్లో కనీసం మూడింట రెండొంతుల మంది రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ప్రకటనలోనో బ్రోషరులోనో తప్పుడు మాట నమ్మి నష్టపోయినవారు పరిహారం అడిగే వీలు 12వ సెక్షన్‌లో ఉంది. అందుకని బ్రోషరు పారేయకూడదు. సేల్స్ కుర్రాడు నోటితో చెప్పిన ‘ముందు ఏమీ రాదండీ’ అన్న మాటను అగ్రిమెంటులోకి ఎక్కించమని అడగాలి.

కాబట్టి ఇల్లు కొనేవాళ్లు ఇంటికీ దృశ్యానికీ నడుమనున్న నేల ఎవరిదో తెలుసుకోవాలి. తీరప్రాంత క్రమబద్ధీకరణ నిబంధనలు, అంటే సీఆర్‌జెడ్, 1991 నుంచి అమల్లో ఉన్నాయి. 2011లో, 2019లో సవరించారు. నగరాల్లోని తీరంలో అప్పటికే ఉన్న రోడ్డుకు సముద్రం వైపు కొత్త భవనాలు సాధారణంగా కట్టకూడదన్నది వాటి సారాంశం. బీచ్ రోడ్డుకు ఆనుకుని మొదటి వరుసలో ఉన్న ఫ్లాటుకు అందుకే నిజమైన విలువ ఉంది. ఎదుట రోడ్డు, ఇసుక, నీళ్లు. వాటి మధ్యలో ప్రైవేటు స్థలం లేదు. రెండో వరుస నుంచి ఆ భరోసా పోతుంది. ధరలో తేడా మాత్రం అంత నిజాయితీగా తగ్గదు.

అవే నిబంధనలు రెండోవైపు కూడా పనిచేస్తాయి. నీటికి మరీ దగ్గరగా కట్టిన భవనం దృశ్యం అద్భుతంగా ఉంటుంది. ఆ భవనమే అక్రమం కావొచ్చు. కేరళలో కొచ్చి పక్కన మరడు దగ్గర కాయల్ (బ్యాక్‌వాటర్) ఒడ్డున కట్టిన నాలుగు అపార్ట్‌మెంట్లను సీఆర్‌జెడ్ ఉల్లంఘన కింద కూల్చేయమని సుప్రీంకోర్టు 2019లో ఆదేశించింది. 2020 జనవరి 11, 12 తేదీల్లో పేలుడు పదార్థాలు అమర్చి వాటిని నేలమట్టం చేశారు. మూడు వందలకు పైగా ఫ్లాట్లు పోయాయి. ఒక్కో కుటుంబానికి తాత్కాలిక పరిహారంగా ఇప్పించింది 25 లక్షలు. హైదరాబాద్‌లో 2024లో ఏర్పాటైన హైడ్రా సంస్థ, చెరువుల పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) పరిధిలోనూ బఫర్ జోన్లలోనూ లేచిన కట్టడాలను కూల్చడం మొదలుపెట్టాక ‘లేక్ వ్యూ’ అన్న మాట విన్నవాళ్లు సర్వే నంబరు అడగడం నేర్చుకున్నారు. పది హెక్టార్లకు మించిన చెరువుకు 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు బఫర్ వదలాలన్నది తెలంగాణ భవన నిబంధన. చెరువు కట్టమీద నిలబడి చూస్తే తెలిసే సంగతి కాదిది. మ్యాపు తీయించి చూడాల్సిందే.

ఇక సముద్రం పక్కన కాపురం. ఉప్పుగాలి ముందుగా బాల్కనీ గ్రిల్లుల వెల్డింగు అతుకుల దగ్గర పని మొదలుపెడుతుంది. రంగు కింద బుడగలా ఉబ్బి, గోరుతో గీకితే ఎర్రటి పొడి రాలుతుంది. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ రేకులు తెల్లబారి చివికిపోతాయి. కిటికీ రోలర్లు పట్టేస్తాయి. పైకి కనిపించనిది ఇంకా ముఖ్యం: ఉప్పు కాంక్రీటులోకి ఇంకి లోపలి ఇనుప చువ్వలను తుప్పు పట్టిస్తుంది. అందుకే ఐఎస్ 456 ప్రమాణం తీర వాతావరణంలో కట్టే నిర్మాణాలకు కనీసం ఎం30 గ్రేడు కాంక్రీటు, చువ్వలపై 45 మిల్లీమీటర్ల కవరు ఉండాలంటుంది. మేస్త్రీలు చువ్వల కింద పెట్టే కవర్ బ్లాకుల మందం ఎంతని అడిగే కొనుగోలుదారులు అరుదు. సముద్రానికి ఎదురుగా కొనేవాళ్లు అడిగి తీరాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు 170 కిలోమీటర్లకు పైబడిన వేగంతో విశాఖను తాకిన రోజు, పెద్ద పెద్ద గాజు కిటికీల వెనకున్నవాళ్లకు సముద్రానికి అడ్డేమీ లేకపోవడం అంటే ఏమిటో తెలిసొచ్చింది.

ఇన్ని చిక్కులున్నా మనిషి కళ్లు పచ్చదనాన్నీ నీళ్లనూ వెతకడం వట్టి షోకు కాదు. రోజర్ ఉల్‌రిచ్ అనే పరిశోధకుడు 1984లో ‘సైన్స్’ పత్రికలో ఓ చిన్న అధ్యయనం ప్రచురించారు. పెన్సిల్వేనియాలోని ఓ ఆస్పత్రిలో పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్నవారి రికార్డులు తీసి, ఒకే తరహా రోగులను 23 జతలుగా పోల్చారు. ఒకరి గది కిటికీలో చెట్లు, మరొకరి కిటికీలో ఇటుక గోడ. చెట్లు కనిపించినవాళ్లు సగటున 7.96 రోజుల్లో ఇంటికెళ్లారు. గోడ కనిపించినవాళ్లకు 8.70 రోజులు పట్టింది. మొదటివాళ్లు బలమైన నొప్పి మందులూ తక్కువే వాడారు. షికాగోలోని రాబర్ట్ టేలర్ హోమ్స్ అనే పేదల ప్రభుత్వ గృహసముదాయంలో 2002 నాటి పరిశోధనలో, ఇంటి కిటికీ నుంచి పచ్చదనం ఎక్కువగా కనిపించే ఆడపిల్లలు ఏకాగ్రతలోనూ నిగ్రహంలోనూ మెరుగ్గా ఉన్నట్టు తేలింది. మగపిల్లల్లో ఆ తేడా కనిపించలేదు.

ఈ రెండు చోట్లా కిటికీలో కనిపించినవి మామూలు చెట్లే. సముద్రం లేదు, సరస్సు లేదు, ఇరవయ్యో అంతస్తు లేదు. ఎవరూ పీఎల్‌సీ కట్టలేదు. ఇళ్లు కొనేవాళ్లు, అమ్మేవాళ్లు ఇద్దరూ మరిచిపోయే విషయం ఇదే.

కొనేటప్పుడు దృశ్యాన్ని ఉన్నదానికంటే పెద్దగా ఊహించుకోవడం కూడా సహజమే. పరిశోధకులు డేవిడ్ ష్కేడ్, తర్వాత నోబెల్ అందుకున్న డేనియల్ కానెమన్ 1998లో ప్రచురించిన అధ్యయనంలో, ఎక్కడి జనం ఎక్కువ సంతోషంగా ఉంటారని అమెరికా విద్యార్థులను అడిగారు. చలి రాష్ట్రాలవాళ్లూ, కాలిఫోర్నియావాళ్లూ కూడా కాలిఫోర్నియాలోనే జనం ఎక్కువ సంతోషంగా ఉంటారని అన్నారు. తమ సొంత జీవితంపై తృప్తి ఎంతని అడిగితే రెండుచోట్లా ఒకటే స్థాయి వచ్చింది. ఫ్లాటు చూపించడానికి సాయంత్రం వేళ పిలిచి నేరుగా బాల్కనీలోకి తీసుకెళ్లినప్పుడు ఆ పది నిమిషాలూ సముద్రం తప్ప మరేదీ గుర్తుకు రాదు. చేరిన మర్నాటి నుంచి నీళ్లు, లిఫ్టు, ఆఫీసు దూరం వచ్చిపడతాయి. రోజూ చేసే ప్రయాణం పెరిగేకొద్దీ జీవనతృప్తి తగ్గుతుందనీ, జీతమో ఇల్లో దాన్ని పూర్తిగా పూడ్చలేకపోతోందనీ జర్మనీ సమాచారంతో ఆర్థికవేత్తలు బ్రూనో ఫ్రై, అలోయిస్ స్టట్సర్ 2008లో చూపారు. భీమిలి దగ్గర సముద్రం, గాజువాకలో ఉద్యోగం ఉన్నవాళ్లు ముందు పదకొండు నెలలు అద్దెకుండి చూడ్డం చవకైన పరీక్ష.

మొదటి వరుస, సక్రమమైన అనుమతులు, ఇంట్లో ఎక్కువసేపు గడిపే మనుషులు... ఈ మూడూ కుదిరితే అదనపు సొమ్ము పెట్టొచ్చు. ఏ ఒక్కటి తగ్గినా ఆ డబ్బు మరో పడగ్గదికో, ఆఫీసుకు దగ్గరి పేటకో పెట్టడం మేలు. మిగతావాళ్లందరి సంగతికొస్తే, ప్రతి ఇంటి నుంచి కనీసం మూడు చెట్లు కనిపించాలి, పేటలో 30 శాతం మేర చెట్ల నీడ ఉండాలి, 300 మీటర్లలోపు పార్కు ఉండాలి అని పట్టణ వృక్షాల నిపుణుడు సెసిల్ కొనైనెండైక్ 2021లో ఓ సూత్రం ప్రతిపాదించారు. మన వీధుల్లో ఆ మూడు చెట్లు చాలాచోట్ల ఇప్పటికే ఉన్నాయి: ఓ వేప, ఓ కానుగ, గేటు పక్కన బాదం. అపార్ట్‌మెంటు అసోసియేషన్ సమావేశంలో కారు పార్కింగు కోసమో, ఆకులు రాలుతున్నాయనో వాటిని కొట్టేద్దామన్న ప్రస్తావన వస్తే, ఆ చెట్టు ఎవరి కిటికీల్లో కనిపిస్తోందో ముందు అడగాలి. చెట్లు నరకాలంటే ముందస్తు అనుమతి కావాలని 2002 నాటి వాల్టా చట్టం రెండు రాష్ట్రాల్లోనూ చెబుతోంది. ఆ అనుమతి ఉందా అని అసోసియేషన్‌ను అడిగే అధికారం, మూడో అంతస్తులో అద్దెకుండేవారికీ ఉంది.