హ్యామర్ కాటుకు ఆకురాయి మందు కాదు

పిస్టల్‌ను సరిగ్గా పట్టుకున్నవాడి చేతికే గాయమవుతుందంటే చాలామంది నమ్మరు. చిత్తూరు జిల్లా పోలీసు ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్‌గా ఉన్నన్నాళ్లూ నేను చూసింది మాత్రం అదే. వార్షిక మొబిలైజేషన్ శిక్షణ ఫైరింగులో ఒక కొత్త కుర్రాడు మ్యాగజైన్ ఖాళీ చేసి నా దగ్గరికొచ్చాడు. "అన్నా, గుండు ముందుకు పోతే నెత్తురు ఈడ వస్తా ఉండాదేందన్నా?" అంటూ కుడిచెయ్యి చాపాడు. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఉన్న మెత్తటి చర్మం మీద సన్నటి గాటు. పక్కనున్నవాళ్లు వాడికి పట్టు రాలేదన్నారు. నిజానికి ఆ వరుసలో అందరికంటే మంచి పట్టు వాడిదే.

దీన్ని ఆయుధాల పనివాళ్లు హ్యామర్ బైట్ అంటారు. ట్రిగ్గర్ నొక్కగానే గుండు ముందుకు, పైనున్న స్లైడ్ వెనక్కి పోతాయి. ఆ స్లైడే, గుండును పేల్చే దెబ్బ కొట్టే హ్యామర్‌ను వెనక్కి తోసి, తర్వాతి గుండుకు సిద్ధం చేస్తుంది. తోపు బలంగా ఉంటుంది కాబట్టి హ్యామర్ తను నిలవాల్సిన చోటు దాటి ఇంకా కిందికి వంగి, మళ్లీ పైకొస్తుంది. ఆ వంగిన క్షణంలో దాని కొసకూ పిడి వెనకనున్న ఇనుప కొమ్ముకూ మధ్య చర్మం ఇరుక్కుంటుంది. రెప్పపాటు కూడా పట్టదు. నొప్పి తెలిసేసరికి రెండో గుండు కూడా పోయుంటుంది. స్లైడ్ అంచులు గీరితే పడేది వేరే గాయం. దానికి చర్మం మీద రెండు సమాంతర గీతలు పడతాయి. గీతలు చూస్తే ఏది కరిచిందో చెప్పేయొచ్చు.

పట్టు ఎంత పైకి ఉంటే గొట్టం చేతికి అంత దగ్గరగా ఉంటుంది, పేలినప్పుడు మూతి ఎగరడం తగ్గుతుంది, రెండో గుండు కూడా గురి మీదే పడుతుంది. అందుకే తిరుపతి పక్కన కల్యాణి డ్యామ్ పోలీస్ ట్రైనింగ్ కాలేజీ అయినా, ఇంకెక్కడైనా, శిక్షకులు చెయ్యి పైకి పట్టమనే చెబుతారు. కండపట్టిన అరచెయ్యి ఉన్నవాడు ఆ మాట విని అలాగే పడితే హ్యామర్ వాణ్నే పట్టుకుంటుంది.

మన పోలీసులకు తరాలుగా అలవాటైన పిస్టల్ ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారయ్యే ఆటో 9 ఎంఎం 1ఏ. దాని మూలం బెల్జియం ఎఫ్ఎన్ కంపెనీ 1935లో తెచ్చిన బ్రౌనింగ్ హై-పవర్. అమెరికా ఆయుధ రూపకర్త జాన్ మోజెస్ బ్రౌనింగ్ మొదలుపెట్టి 1926లో కన్నుమూస్తే, ఎఫ్ఎన్‌లో పనిచేసే డ్యూడొనే సైవ్ దాన్ని పూర్తిచేశాడు. మ్యాగజైన్‌లో 13 గుళ్లు పట్టడం ఆ రోజుల్లో అబ్బురం. పిడి చేతిలో ఇమిడిపోతుంది, గురి కుదురుగా ఉంటుంది. ఆ పిస్టల్ అంటే నాకు ఇప్పటికీ గౌరవమే. వెనక కొమ్ము మాత్రం పొట్టి. కాటు ఇషాపూర్‌లో పుట్టింది కాదు, బెల్జియం నమూనాతోనే వచ్చింది.

హై-పవర్ రాకముందే ఈ జబ్బుకు అమెరికా సైన్యం మందు వెతికింది. బ్రౌనింగే రూపొందించిన .45 పిస్టల్‌ను 1911లో తీసుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో వాడి చూశాక లోపాలు బయటపడ్డాయి. 1920ల్లో దిద్దిన నమూనాకు 1911ఏ1 అని పేరు పెట్టారు. అందులో హ్యామర్ కొసను కురచ చేసి, పిడి వెనకుండి, గట్టిగా పడితేనే ట్రిగ్గర్‌ను కదలనిచ్చే గ్రిప్ సేఫ్టీ తోకను పొడిగించారు. కొత్త చెప్పు కరిస్తే కాలు మార్చుకోలేం, చెప్పునే సరిచేయించుకుంటాం. వాళ్లు చేసింది కూడా అదే.

ఆ తర్వాత పోటీల్లో కాల్చేవాళ్లు ఇంకా పైకి పట్టడం మొదలుపెట్టారు. అక్కడి పిస్టల్ పనివాళ్లు పాత గ్రిప్ సేఫ్టీ తీసేసి, వెడల్పుగా పైకి తిరిగిన బీవర్‌టెయిల్ పెట్టడం అలవాటు చేశారు. వినడానికి తేలికే కానీ పని నిదానంగా సాగుతుంది. ఫ్రేమ్ వెనకనున్న రెండు కొమ్ములనూ కొలత దిమ్మె బిగించి గుండ్రంగా అరగదీయాలి. కొత్త ముక్కకూ ఫ్రేముకూ మధ్య గోరు కూడా దూరకూడదు. హ్యామర్ పూర్తిగా వంగినప్పుడు ఆ తోక గుంటలో కూర్చోవాలి, అందుకే పొడుగు కొస హ్యామర్ తీసి ఉంగరం ఆకారపు హ్యామర్ పెడతారు. ఇదంతా అయ్యాక పిడిని గట్టిగా పట్టనప్పుడు ట్రిగ్గర్ కదలకుండా సేఫ్టీ ఆపుతోందా అని చూడాలి. ఆ ఒక్క పరీక్ష తప్పితే ఎంత నునుపుగా చేసినా అది చెడిన పిస్టలే.

హై-పవర్‌కు గ్రిప్ సేఫ్టీ ఉండదు కాబట్టి మార్చడానికి విడి ముక్క లేదు. కొమ్ము మీద లోహం వెల్డింగ్ చేసి తోకలా దిద్దాలి. వేడి ఎక్కువైతే ఉక్కు గట్టిదనం పోతుంది. అది లేత్ షాపు పని కాదు. హ్యామర్‌ను కురచ చేయడం రెండో దారి, కానీ బరువు మరీ తగ్గితే దెబ్బ చాలక గుండు పేలదు. 2021లో అమెరికా కంపెనీ స్ప్రింగ్‌ఫీల్డ్ తెచ్చిన ఎస్ఏ-35లో కరవని హ్యామర్ పెట్టారు. 2022లో ఎఫ్ఎన్ తన కొత్త హై పవర్‌లో పిడి వెనక భాగాన్నే మార్చింది. బయటికి హ్యామరే లేని గ్లాక్ లాంటి పిస్టళ్లకు ఈ గొడవే లేదు.

ఇక మన ప్రాంతం సంగతి. 9 ఎంఎం మన దేశంలో నిషిద్ధ బోరు, మామూలు జనానికి లైసెన్సు రాదు. పిస్టల్ లైసెన్సున్నవాళ్ల దగ్గర ఎక్కువగా .32 ఉంటుంది, అరుదుగా తాతల నాటి విదేశీ పిస్టల్ ఉంటుంది. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు వాటిని స్టేషన్లలో డిపాజిట్ చేస్తారు. అలా వచ్చిన ఒక పాత పిస్టల్ నా చేతికొచ్చింది. చెయ్యి కోస్తోందని యజమాని హ్యామర్‌ను ఎవరిచేతో ఆకురాయితో రాయించాడు. కొస ఒక్కటే రాసి ఉంటే కొంత నయం. విప్పి చూస్తే అడుగున, ఎత్తిన హ్యామర్‌ను ఆపి ఉంచే సియర్ పట్టుకునే గాడి అంచు కూడా గుండ్రంగా అరిగి ఉంది. చాంబర్, మ్యాగజైన్ రెండూ ఖాళీ అని చూసుకుని, హ్యామర్ ఎత్తి, ట్రిగ్గర్ ముట్టకుండా వెనక నుంచి బొటనవేలితో నెట్టాను. టక్కుమని పడిపోయింది. అందులో గుండు ఉండుంటే ఎవరూ ట్రిగ్గర్ నొక్కకుండానే పేలేది. చేతి మీద చిన్న గాటు తప్పించుకోబోయి ఇంట్లో ప్రాణం మీదికి తెచ్చుకోవడమే ఇది.

1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకీ తయారీకే కాదు, మార్పు చేయడానికీ రిపేరు చేయడానికీ లైసెన్సు ఉండాలి. కమ్మరి కొలిమి దగ్గరా, లేత్ మెషిన్ దగ్గరా ఆ లైసెన్సు ఉండదు. ఇచ్చినవాడూ చేసినవాడూ ఇద్దరూ ఇరుక్కుంటారు. డిపార్ట్‌మెంట్ పిస్టల్ అయితే ప్రభుత్వ ఆస్తి. దాని మీద సొంతంగా గీత గీసే హక్కు కూడా మనకు లేదు.

మరి కరిచే పిస్టల్‌తో కాల్చాల్సినవాడు ఏం చేయాలి? నేను ఆ కుర్రాడికి చెప్పింది మూడు మాటలే. బొటనవేలి మొదలును కొమ్ము కింద ఒక నూలు దించి పట్టు. ప్రాక్టీసులో ఆ చోట ప్లాస్టర్ పట్టీ వేసుకో. గాయం మానేదాకా ఫైరింగుకు రావద్దు, ఎందుకంటే నొప్పికి భయపడిన చెయ్యి ట్రిగ్గర్‌ను గుంజుతుంది, ఆ అలవాటు పడితే వదిలించడం కష్టం. చెయ్యి దించితే మూతి కొంచెం ఎక్కువ ఎగురుతుంది, కొన్నాళ్ల సాధనతో అది అదుపులోకి వస్తుంది.

మీ ఇంట్లో లైసెన్సు పిస్టలో రివాల్వరో ఉండి, దాని హ్యామర్ మీద కొత్తగా మెరిసే గీతలు కనిపిస్తే, గుండు నింపకండి. లైసెన్సున్న ఆయుధాల డీలర్‌కు గానీ, స్టేషన్ ద్వారా జిల్లా ఆర్మరర్‌కు గానీ చూపించండి.