టి కణమే క్యాన్సరైతే?

ఒకే గుర్తును పట్టుకునే యాంటీబాడీలను ప్రయోగశాలలో ఎన్నైనా తయారుచేసే పద్ధతిని 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టైన్ కనిపెట్టారు. అవే మోనోక్లోనల్ యాంటీబాడీలు. వాటిలో ఒకటైన రిటుక్సిమాబ్‌కు 1997లో అమెరికాలో అనుమతి వచ్చింది. యాంటీబాడీలను తయారుచేసే రక్షణ కణాలైన బి కణాల మీది సిడి20 ప్రోటీన్‌ను పట్టుకునే ఈ మందు బి కణాల లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్) చికిత్స తీరునే మార్చేసింది. క్యాన్సర్ కణాలతోపాటు మంచి బి కణాలూ చచ్చిపోతాయి. అయినా మూలకణాల మీద సిడి20 ఉండదు కాబట్టి కొన్ని నెలలకు కొత్తవి పుట్టుకొస్తాయి. ఈలోగా అవసరమైతే ఇమ్యునోగ్లోబులిన్ (యాంటీబాడీలు) ఎక్కిస్తారు.

టి కణాల క్యాన్సర్లలో ఈ వెసులుబాటు లేదు. వైరస్ సోకిన కణాలను చంపేవీ, తక్కిన రక్షణ కణాలను నడిపించేవీ టి కణాలే. అవి పోతే ఆ లోటు తీర్చే ఇంజెక్షన్ లేదు. సిడి52ను పట్టుకునే అలెమ్టుజుమాబ్ టి-ప్రోలింఫోసైటిక్ లుకేమియాను బాగా అణచగలదు. కానీ మంచి టి కణాలు కూడా తుడిచిపెట్టుకుపోవడంతో ఒంట్లో అణగి ఉన్న సైటోమెగాలో వైరస్ మళ్లీ లేస్తుంది.

అందుకే టి కణాలన్నిటి మీదా ఉండని గుర్తు కోసం వెతుకులాట మొదలైంది. ఉదాహరణకు, నైరుతి జపాన్‌లో హెచ్‌టిఎల్‌వి-1 వైరస్ ఎక్కువ. తల్లిపాల ద్వారా బిడ్డకు సోకి, దశాబ్దాల తర్వాత కొద్దిమందిలో అది టి కణాల లుకేమియాగా బయటపడుతుంది. ఈ క్యాన్సర్ కణాల మీద సాధారణంగా సిసిఆర్4 ప్రోటీన్ ఉంటుంది. దాన్ని పట్టుకునే మొగాములిజుమాబ్‌కు 2012లో జపాన్ అనుమతి ఇచ్చింది. ఈ యాంటీబాడీకి ఉన్న చక్కెర గొలుసులోంచి ఫ్యూకోజ్‌ను తీసేశారు. దాంతో నాచురల్ కిల్లర్ కణాలు దాన్ని మరింత గట్టిగా పట్టుకుని, ఎదుటి కణాన్ని చంపుతాయి. అయితే రోగనిరోధక శక్తిని అదుపులో ఉంచే నియంత్రణ టి కణాల మీదా సిసిఆర్4 ఉంటుంది. అందుకే ఈ మందు ఇచ్చిన కొద్దికాలానికే దాత మూలకణాలు ఎక్కిస్తే, అవి రోగి శరీరం మీదే తీవ్రంగా దాడిచేసే ప్రమాదం పెరుగుతుంది.

మరో ఆలోచన ఇంకా ఆశ కలిగిస్తోంది. మన టి కణాల గ్రాహకాల్లో కొన్నిటికి టిఆర్‌బిసి1, తక్కినవాటికి టిఆర్‌బిసి2 అనే భాగం ఉంటుంది. క్యాన్సర్ ఒకే కణం సంతతి కాబట్టి, ఆ గ్రాహకమున్న క్యాన్సర్ కణాలన్నిటిలో ఏదో ఒకటే కనిపిస్తుంది. దాన్ని మాత్రమే గురిచూస్తే రెండో వర్గం మంచి కణాలు మిగిలి మనిషిని కాపాడతాయి. ఎలుకల్లో ఈ పద్ధతి మంచి ఫలితాలిచ్చింది.

ఏ మందు పనిచేస్తుందో కణం మీది గుర్తే తేలుస్తుంది. కాబట్టి బయాప్సీలో లింఫోమా అని తేలితే అక్కడితో ఆగకండి. అది బి రకమా, టి రకమా, ఏ గుర్తులు కనిపించాయి అని డాక్టరును తప్పక అడగండి.